రాగి డ్రమ్ము నీళ్ళు

గాజు తలుపు వెనక నిగ్గు యంత్రం తన రోబో చేతులతో ఫ్లాస్కు కడిగి, మళ్ళీ నింపి, మళ్ళీ వేడి చేసింది. తెరమీద మళ్ళీ అదే మాట పడింది: "రియాక్షన్ జరగలేదు."

"ఏడిసినట్టుంది! మీ మెషిన్ పాడైంది," అన్నారు ప్రొఫెసర్ సన్యాసిరావు.

"మెషిన్ బాగానే ఉంది మాస్టారూ," అంది మంగతాయారు. ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు విశాఖలో ఆ యంత్రాన్ని నడిపే డైరెక్టరు ఆమె.

ఈ నిగ్గు సంగతి కాస్త చెప్పాలి. ఒకరి పేపరును ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే అది సైటేషన్. ఎన్ని సైటేషన్లుంటే అంత పరువు. అందులో దొంగసరుకెంతో తేల్చడానికే ఈ యంత్రం. పేపర్లో ఉన్న ప్రయోగాన్ని రాసింది రాసినట్టు చేసి చూస్తుంది. జరిగితే సైటేషన్లు నిలుస్తాయి, లేకపోతే మొత్తం సున్నా. ఇలాంటిది కావాలని కమిటీల చుట్టూ తిరిగి సాధించిందెవరనుకున్నారు? మన సన్యాసిరావుగారే! "అడ్డమైనవాళ్ళ పేపర్లన్నీ దీనిమీద పెడతారా? సైటేషన్లున్నవాళ్ళవే తీసుకోండి" అని నిబంధన రాయించిందీ ఆయనే. వేల సైటేషన్లున్న మనిషి, ఆయనకేం భయం?

ఆ వేలన్నీ ఒక్క రియాక్షన్‌వి. రెండు కార్బన్ పరమాణువుల్ని కలపాలంటే మామూలుగా ఏదో ఒక లోహం సాయం ఉండాలి. ఆయన లోహమే లేకుండా, ఉత్త నీళ్ళలో కలిపేశారు. పుస్తకాలు దాన్ని 'సన్యాసిరావు రియాక్షన్' అన్నాయి. పిల్లాజెల్లా లేని మనిషికి ఆ పేరే వంశం.

నిగ్గుమీద జరగనిది ఆ రియాక్షనే. ఆ సాయంత్రానికి దాని సైటేషన్లన్నీ సున్నా అయ్యాయి.

మర్నాడు ఆయన పిచ్చెత్తినట్టు తన పాత ల్యాబంతా వెతికారు. మూలన రాగి డ్రమ్ము కనిపించింది. ఆయన గురువుగారిది. డిస్టిల్డ్ వాటర్ అందులోనే పట్టి ఉంచాలి, ఆ నీళ్ళతోనే ప్రయోగం చేయాలి. అది ఆ ల్యాబ్ ఆచారం. ఏటా దసరా ఆయుధపూజకి చింతపండేసి లోపలా బయటా తళతళలాడేలా తోమి, దానికి బొట్టు పెట్టేవాళ్ళు. మూత తీసి చూస్తే ఏముంది, తోమి తోమి లోపలి కళాయి పూత ఎప్పుడో పోయింది. నీళ్ళలోకి రాగి దిగుతోంది! ఆ పిసరు రాగే ఇన్నాళ్ళూ రియాక్షన్ నడిపింది. సైట్ చేసిన వేలమందిలో ఒక్కడైనా చేసి చూసిన పాపాన పోలేదు.

ఆయన రొప్పుతూ మంగతాయారు గదికొచ్చారు. "అమ్మాయ్, ఇంత తక్కువ రాగితో ఈ పని ఎవరూ చేయలేదు. ఇది ముందుదానికన్నా పెద్దది! కొత్త పేపరు రాశాను, మెషిన్‌మీద పెట్టు."

ఆమె తల దించుకుంది. "మీ సైటేషన్లు సున్నా మాస్టారూ. నిగ్గు తీసుకోదు. ఆ నిబంధన..."

"నాదే. తెలుసు," అన్నారాయన. చేతిలో పేపరు ఆమె ముందు పెట్టారు. "నీ పేరుతో పెట్టు. కనీసం నిజమైనా బతుకుతుంది."

"నేను మిమ్మల్ని సైట్ చేస్తాను," అందామె, కళ్ళు తుడుచుకుంటూ.

చేసింది కూడా, పాపం. డ్రమ్మును కేంద్రానికి తెప్పించారు, నిగ్గు ఆ నీళ్ళతో ప్రయోగం చేసి, "నిజం" అని తేల్చింది. తరవాత ఆమె పేపరు చివర, తాను సున్నా చేసిన మాస్టారి పాత పేపరు ప్రస్తావన కనబడగానే దాన్ని తుడిచేసింది. ఆమె పైవాళ్ళకి ఎంత మొత్తుకున్నా తిరిగి రాలేదు. లోకం దాన్ని మంగతాయారు రియాక్షన్ అంది. సైటేషన్లు వెల్లువెత్తాయి. ఈసారి కూడా ఎవరూ చేసి చూడలేదు. యంత్రం చూసిందిగా, ఇంక మనకెందుకు?

దసరాకి సన్యాసిరావుగారు ఉండబట్టలేక కుంకం పొట్లం పట్టుకుని నిగ్గు కేంద్రానికి వెళ్ళారు. రాగి డ్రమ్ము హాల్లో పీటమీద దండతో మెరుస్తోంది. ఆయన వేలికి కుంకం అద్దుకుని చెయ్యి చాచారు.

"అయ్యా, పెద్దాయనా, ముట్టుకోకండి!" సెక్యూరిటీ గార్డు పరిగెత్తుకొచ్చాడు. "అది మంగతాయారు మేడంగారి డ్రమ్ము."