తూము గది దగ్గర అరుపు

మందస కొండల్లో రిజర్వాయరు గట్టు మీద పాడుబడ్డ తూము గది ఒకటుంది. పొద్దు వాలాక ఆ వైపు పశువుల్ని కూడా తోలరు. తూము తలుపులు ఎత్తే లస్కరు ఒకడు అందులోనే పెళ్లాన్ని గొంతు నులిమి చంపాడట. నోరు ముయ్యమంటే ముయ్యకపోవడమే ఆమె చేసిన నేరం. ఆనక వాడూ నీళ్లలో దూకాడు. ఆమె మాత్రం చీకటి పడితే ఇంకా అరుస్తూనే ఉందని చెప్పుకుంటారు.

పలాస నుంచి పక్షుల్ని చూడ్డానికి వెళ్లిన బృందంలో టీచరు వైదేహి ఉంది. కూతురు గీతికనీ వెంటబెట్టుకెళ్లింది. చిన్నపిల్లని అక్కడికి వద్దని అత్తగారు నెత్తీ నోరూ బాదుకుంది పాపం, వింటేనా!

మసక చీకటి పడేసరికి మిగతావాళ్లు వ్యాను దగ్గరికి నడిచారు. బృందాన్ని నడిపే జెర్రీ మాత్రం తూము గది ముందు ఆగిపోయాడు, అతనితో పాటు వైదేహీ గీతికా.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు మేడమ్. పెద్ద గుడ్లగూబ అది. ఆడమనిషిలాగే అరుత్తాది. దాని కూత ఇనిపిత్తే సాలు, అదే వత్తాది సూడండి."

"అమ్మా, ఒక్కసారి సూసి ఎల్లిపోదాం..." అని గీతిక కొంగు పట్టుకుంది.

గూళ్లు పెట్టే కాలంలో పక్షుల్ని అలా కూత వినిపించి పిలవకూడదని బృందం నియమం. అయినా ఆశ! జెర్రీ చిన్న స్పీకరు గట్టు మీద పెట్టి, ఫోన్లో గుడ్లగూబ కూత నొక్కాడు.

అరుపు లేచింది... అచ్చం ఆడదాని అరుపే. మళ్లీ... మళ్లీ...

గది పక్కనున్న చెట్టు మీద ఏదీ కదల్లేదు. తూము గది తలుపు — తెరుచుకుంది.

జెర్రీ వెల్లకిలా పడ్డాడు. అతని గొంతు మీద చర్మం లోపలికి దిగిపోతోంది... వేళ్లు నొక్కినట్టు. ఎవరూ లేరు! ఏదో అతని తలని రాతికేసి కొడుతోంది. నెత్తురు చిమ్మి వైదేహి మొహం మీద పడింది. స్పీకరు అరుస్తూనే ఉంది.

అప్పుడు తట్టింది ఆమెకి. ఇక్కడున్నది ఆవిడ కాదు... వాడు! అరుపు మాన్పించడానికి వచ్చాడు!

రాయెత్తి స్పీకరుని చితక్కొట్టింది. అంతా నిశ్శబ్దం. జెర్రీ మెడ వదులైంది. ఊపిరి ఆడుతోంది — బతికే ఉన్నాడు.

"మాటాడకు జెర్రీ..." అంది గుసగుసగా.

అంతలో పైకొమ్మ మీంచి నిజం గుడ్లగూబ కూసింది. ఆ కూత సగంలోనే తెగిపోయింది. మెడ మెలిపడిన పక్షి గీతిక కాళ్ల ముందు దబ్బున పడింది.

పిల్ల అరవడానికి నోరు తెరిచింది.

వైదేహి ఒక్క ఉదుటున వెళ్లి ఆ నోటిని అరచేత్తో మూసింది. మూసింది గానీ... చేతికి కూతురి పెదాలు తగల్లేదు. అప్పటికే అక్కడ చల్లగా, తడిగా, మొరటు చెయ్యి ఒకటి ఉంది.