లైట్లు ఆరిపోయే మలుపు

చీకటి పడ్డాక ఆ మలుపులో సైకిలు లైటు వెలగదట. అమెరికాలో మా ఊరు బాతెల్‌లో సైకిలు తొక్కే వాళ్ళెవరిని అడిగినా ఇదే మాట. కార్లు కూడా ఎక్కించుకునే పడవ మీద వెళ్ళే విడ్‌బీ ద్వీపంలో, సముద్రం అంచునే పోయే సన్నటి రోడ్డు మలుపులో ఒక పాత కాంక్రీటు బంకరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడలు వస్తాయని కాపలాకి కట్టింది. ఓడలు రాలేదు. ఫిరంగులు ఎప్పుడో తీసుకుపోయారు. కాపలా కుర్రాడు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదంటారు.

ఆ రోజుల్లో రాత్రిపూట తీరంలో ఎక్కడా దీపం కనిపించకూడదు. ఎవరైనా మరిచిపోయి వెలిగిస్తే ఆ కుర్రాడు వచ్చి ఆర్పించేవాడట. ఇప్పటికీ ఆర్పుతున్నాడట... యుద్ధం అయిపోయిందని అతనికి ఎవరూ చెప్పలేదు కాబోలు, పాపం.

నేను దెయ్యాల్ని నమ్మను. పగలైతే అస్సలు నమ్మను. ఈ కథ సగం రాధారాణి చెప్పింది, సగం ఆవిడ మొగుడు రామమోహన్ చెప్పాడు. రెండు సగాలూ అతికించిన పాపం మాత్రం నాది.

రాధారాణి మా వీధిలోనే ఉంటుంది. పిల్లలు కాలేజీలకి వెళ్ళాక, నలభై అయిదో ఏట, గుడి పార్కింగ్ లాట్‌లో సైకిలు నేర్చుకుంది. నేర్చుకున్నాక దిగితే ఒట్టు. అయితే ఆవిడ ఎక్కడికి వెళ్ళినా వెనకాలే రామమోహన్ కారు! హజార్డ్ లైట్లు టిక్కుటిక్కుమంటూ, నత్తనడకన, అద్దం దించి "రాణీ, నీళ్ళు తాగావా" అని అడుగుతూ. ఆ కారు వెనక హారన్లు కొట్టుకుంటూ ఇంకో పది కార్లు. చూసినవాళ్ళమంతా దాన్ని ఊరేగింపు అనేవాళ్ళం. మేం నవ్వేవాళ్ళం గానీ, ఆవిడకి లోపల ఎంత మండేదో నాకు తెలుసు.

రెండు వేల పన్నెండు, అక్టోబరు చివరి శనివారం. ద్వీపంలో మా స్నేహితురాలు శశికళ ఒక కాటేజీ అద్దెకి తీసుకుంది. అందరం రాత్రి భోజనానికి అక్కడ కలవాలి. పడవ దిగిన దగ్గర్నుంచి కాటేజీ దాకా తాను ఒక్కత్తే సైకిలు మీద వస్తానంది రాధారాణి. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు రామమోహన్ దిగొచ్చాడు. "నీ వెనకాల కార్లో రాను" అని ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. కానీ ఒక షరతు. దారిలో భయపడి ఫోన్ చేసి కారు పిలిచిందా, ఇక జన్మలో ఒంటరి రైడ్ మాట ఎత్తకూడదు.

ఆవిడ ఒప్పుకుంది. ఆ ఫోన్ చెయ్యకుండా కాటేజీ చేరడం ఎంత అవసరమో, రాత్రంతా ఛార్జి చేసిన సైకిలు లైటుకీ తెలిసే ఉంటుంది.

పడవ దిగాక హాయిగా సాగిందట. ఒక పక్క సముద్రం, ఒక పక్క గుమ్మడి పొలాలు, మధ్యలో తను. వెనక టిక్కుటిక్కుల్లేవు. "పెళ్ళయ్యాక మొదటిసారి నా ఊపిరి నాకు వినిపించింది" అంది. సగం దారిలో టైరు పంక్చరైంది. తనే విప్పి, ట్యూబు మార్చి, గాలి కొట్టుకుంది. గోళ్ళన్నీ నల్లబడ్డాయి, మొహం వెలిగిపోయింది. అయితే ఆ పనిలో ఎంతసేపు పోయిందో చూసుకోలేదు. మళ్ళీ ఎక్కేసరికి పొద్దు వాలిపోయింది.

బంకరు మలుపు చేరేసరికి చీకటి.

ఎదురుగా ఎత్తు మీద నల్లటి గోడ. దాంట్లో ఇంకా నల్లటి గుమ్మం. కింద ఎక్కడో అలల చప్పుడు. ఆవిడ తల తిప్పకుండా తొక్కుతోంది... ఇంకొంచెం... ఇంకొంచెం...

లైటు ఆరిపోయింది.

మినుకు మినుకుమనలేదు. చటుక్కున ఆరిపోయింది. బటన్ నొక్కింది. అరచేత్తో తట్టింది. ఊహూఁ.

సరే, దిగి నడిపించుకుపోదాం అనుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, ముక్కుకి ఒక వాసన తగిలింది — కర్పూరం. ఎక్కడి అమెరికా, ఎక్కడి యుద్ధం బంకరు, ఎక్కడి కర్పూరం? తలెత్తి చూస్తే ఆ నల్ల గుమ్మంలో చిన్న మంట ఊగుతోంది. చూస్తూండగానే —

"ఫూ..."

మంట లేదు.

ఫోన్ తీసింది. ఆ వెలుగులో రోడ్డు కనిపించింది. రోడ్డుకి అడ్డంగా, ఈ చివర్నుంచి ఆ చివరికి, కోసిన నిమ్మకాయలు. వాటి మీద ఎర్రగా కుంకం.

ఆ దారిన ఏ అమెరికన్ పోయినా, ఎవరి సంచో చిరిగిందనుకుని తొక్కుకుంటూ పోయేవాడు. మనవాళ్ళ సంగతి వేరు. చిన్నప్పట్నుంచి నిమ్మకాయ కనిపిస్తే పక్కకి జరుగు, దాటకు, తొక్కకు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి పెంచారు. రాధారాణి కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. ముందు నిమ్మకాయలు. పైన ఎవరో ఉన్నారు. వెనక్కి తిరిగితే మైళ్ళ కొద్దీ చీకటి. ఎవరు పెట్టారని ఆలోచించే తీరిక భయానికి ఉంటుందా?

బొటనవేలు రామమోహన్ నంబరు మీదే ఉంది. ఒక్క నొక్కు. మళ్ళీ ఊరేగింపు... జన్మంతా.

అప్పుడు ఆవిడకి ఈ సైకిలు కొన్న రోజు గుర్తొచ్చింది. గుడి ముందు పూజ చేయించి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, పూజారిగారే తొక్కమన్నారు కదా!

ఫోన్ జేబులో పడేసింది. సైకిలెక్కింది. "కొత్త బండే అనుకుందాం, స్వామీ" అని గొణుక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నిమ్మకాయల మీదుగా పోనిచ్చింది. కిందేదో పిచుక్‌మంది. ఆ తర్వాత కాటేజీ దాకా ఎలా తొక్కిందో ఆవిడకే తెలీదు.

కాటేజీలో అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ ఒక కుర్చీలో కూలబడి, గడగడా రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఆయన ఇంకా రాలేదా అని అడిగింది. ఆఖరి పడవకి వస్తానన్నాడని శశికళ చెబుతూండగానే ఆవిడ ఫోన్ మోగింది.

అవతల గుసగుస.

"రాణీ... నేనే. బంకరు దగ్గరున్నాను. కారు స్టార్ట్ అవ్వట్లేదు, లైట్లు కూడా వెలగట్లేదు... ఒకసారి వస్తావా?"

ఆవిడ ఫోన్‌ని చెవి నుంచి తీసి ఒకసారి చూసుకుంది. మళ్ళీ చెవిన పెట్టుకుంది. వస్తున్నా, కదలకండి అంది.

ఇంకో బండి బ్యాటరీతో కారు స్టార్ట్ చేసే జంపర్ కేబుల్స్ వేసుకుని శశికళ వ్యాన్ తీసింది. నేనూ ఎక్కాను. రాధారాణి ఎక్కలేదు. హ్యాండిల్‌కి టార్చిలైటు కట్టించుకుని, సైకిలు మీద ముందు బయల్దేరింది. వెనకాల మా వ్యాను, హజార్డ్ లైట్లు వేసుకుని, నత్తనడకన. ఆ రోజు ఊరేగింపు ఎంత బాగుందో చెప్పలేను.

రామమోహన్ బంకరు వెనకాల ఆపిన కార్లో, అద్దాలన్నీ ఎత్తేసి, డాష్‌బోర్డు మీది ఆంజనేయస్వామి బొమ్మని పెరికి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళకి కుంకం. కారు నిండా నిమ్మకాయల వాసన. అసలు సంగతి బయటపడటానికి అరనిమిషం పట్టలేదు. మధ్యాహ్నం పడవకే వచ్చేశాడట. మలుపు మంచిది కాదు, నా భార్య ఒక్కత్తే వస్తుంది అని నిమ్మకాయలు కోసి, రోడ్డుకి అడ్డంగా పెట్టి దిష్టి తీశాడు. గుమ్మంలో కర్పూరం వెలిగించి, లోపల దాక్కుని, ఆవిడ క్షేమంగా దాటేదాకా చూస్తూ నిలబడ్డాడు. కార్లో లోపలి లైటు ఆర్పడం మరిచిపోతే బ్యాటరీ కాస్తా అయిపోయింది.

"ఒట్టు వేశారు కదండీ" అంది రాధారాణి.

"వెనకాల రానన్నాను. ముందు వెళ్ళనని అన్లేదు" అన్నాడు తల దించుకుని.

ఆవిడకి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది, కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి. భయపడి ఫోన్ చేసి పిలిచిందెవరో గుర్తుంచుకోండి, ఇక నా రైడ్‌ల మాట ఎత్తకండి అంది. అతను బుద్ధిగా తలూపాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. దెయ్యం లేదు, పిశాచం లేదు, పెళ్ళాం మీద ప్రేమ ఎక్కువైన మొగుడు ఒక్కడు ఉన్నాడంతే.

కేబుల్స్ తగిలించాం. కారు గుర్రుమంది. అందరం నవ్వుకుంటున్నాం.

"మళ్ళీ పెద్ద ధైర్యవంతుడిలా" అంది రాధారాణి ఆటపట్టిస్తూ. "నేను దగ్గరికి రాగానే దొరికిపోతానని కర్పూరం ఊదేశారుగా. ఫూ అనడం నాకు వినిపించింది లెండి."

రామమోహన్ నవ్వు ఆగిపోయింది. బంకరు గుమ్మం వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నేను ఊదలేదు, రాణీ... గాలికి ఆరిందనుకున్నా. స్వామికి వెలిగించిన కర్పూరాన్ని నేను నోటితో ఊదుతానా?"

అప్పుడు శశికళ వ్యాన్ లైట్లు ఆరిపోయాయి.