లాంతరు ఆరిన గుంత

అమావాస్య మిట్టమధ్యాహ్నం! కారుమేఘాలు సూర్యబింబాన్ని మింగివేయగా, కొల్లాపూర్ గుట్టల్లో పగలే గుడ్లగూబ కూసింది... ఏ కాలంవారో రాగి కోసం తవ్వి వదిలేసిన గుంత నల్లని నోరు తెరుచుకుని గంధకపు కంపును వెలిగక్కుతోంది.

ఒడ్డున ఎర్రని ముగ్గు. నడుమ మనిషి పుర్రె! మంత్రగాడు కాటమయ్య తన నడుముకు కట్టుకున్న తాడు రెండో కొసను గొర్లకాపరి భిక్షం భార్య గుర్వమ్మకు బిగిస్తున్నాడు. తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం నిన్న గుంతలోకి కొంత దూరం దిగి స్పృహ తప్పిన ఆమె, మొగుడు పైకి లాగినప్పటినుంచీ వణుకుతూనే ఉంది.

"ఈ గుంతల రాగితల్లి దీన్ని పట్టింది! తల్లి కడుపులకు దించితెనే ఇడుస్తది!" అని కాటమయ్య అరిచాడు.

గుంపు వెనుక సోమన్న తలవంచుకున్నాడు. ఈ కొండలో గంధక ఖనిజం ఎంత ఉందో తేల్చమని పంతొమ్మిది వందల అరవై ఒకటిలో సర్కారు పంపిన మనిషి. పాత గనిలోకి దిగేముందు లాంతరు వదిలి చూడడం ఆ వృత్తిలో రివాజు. పది రోజుల కిందట అతడు వదిలిన లాంతరు మూడు నిలువుల లోతున ఆరిపోయింది. ఖనిజం ప్రాణవాయువును తాగేసిందని పుస్తకంలో రాసుకున్నాడు... ఊరికి చెప్పలేదు! "తల్లి మింగింది" అని కాటమయ్య కేకలు పెడితే నవ్వి ఊరుకున్నాడు. ఆ భయంతోనే మందలు అటు రాలేదు. అతడు కొలతకు పాతిన కర్రలు కదలలేదు.

"ఆగు! లోపల గాలి లేదు, సచ్చిపోతరు!" అని సోమన్న అరిచాడు.

కాటమయ్య వికటంగా నవ్వాడు. "పది దినాలు నా మాటనే నీ కర్రలకు కావలి గాసింది గద, సారూ? ఇయ్యాల అబద్ధమైందా?"

ఉరిమింది! సోమన్న ముందుకు దూకి గుర్వమ్మ నడుము తాడు కోసేశాడు.

"అట్లనా! నేనొక్కణ్ణే దిగుత. తల్లినే గుంజుకొస్త!"

తెగిన తాడు కొసను భిక్షం పట్టుకుని వదులుతుంటే కాటమయ్య దిగాడు... ఒక చేత పుర్రె, ఒక చేత దీపం. ఒక నిలువు... రెండు... మంత్రం తడబడింది. మూడో నిలువులో దీపం ఆరింది! చీకట్లో పుర్రె దొర్లిన చప్పుడు... ఆపైన నిశ్శబ్దం.

ఎవరినీ దిగనివ్వకుండా, సోమన్న, భిక్షం కలిసి తాడు లాగారు. పైకి వచ్చింది శవం.

జనం సోమన్న కాళ్లమీద పడ్డారు. "కాటమయ్య కంటె నీ మంత్రమే పెద్దది, సారూ!"

"మంత్రం కాదు... గాలి..." ఎవరూ వినలేదు. అతడు తన నీళ్ల సీసాను గుర్వమ్మ ముందు పెట్టాడు.

ఆమె ఒక్కతే వింది. "గాలి లేదని నీకెప్పటిసంది ఎరుక, సారూ?"

అతడు తలెత్తలేదు. "పది దినాలాయె."

గుర్వమ్మ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అయినా ఆ సీసాను ముట్టకుండా, కాలితో మెల్లగా అవతలికి జరిపింది.