ఒర మిగిలింది, బాకు లేదు

బాకు పోయింది. బల్ల మీద వెండి ఒర మాత్రం ఉంది.

ఇన్‌స్పెక్టర్ తమండా కుమ్వెండా ఒళ్ళు హూనమైపోయి ఉంది. పొద్దుట్నుంచి ఇది మూడో కేసు. బయట బ్లాంటైర్ నగరంలో వాన ఆగడం లేదు.

మేడ మీది హాల్లో, స్కాట్లాండ్ వాళ్ళ సంఘం తమ కవి జయంతికి ఇస్తున్న విందు. గొర్రె పొట్టలో కూరి ఉడికించిన హాగిస్ పళ్ళెంలో చల్లారిపోతోంది. దాన్ని కోయాల్సిన బాకే మాయమైంది.

"ఎప్పుడు చూసుకున్నారు?"

"ఏడున్నరకి. పద్యం చదివి చెయ్యి చాపాను, లేదు," అన్నాడు సంఘం కొత్త అధ్యక్షుడు గెడ్డెస్. "అంతకుముందే కరెంటు పోయింది. చీకట్లో తిరిగింది వంటవాడొక్కడే. పట్టుకెళ్ళండి."

వంటమనిషి వైసన్ చేతులకి అప్పటికే బేడీలు.

"కొవ్వొత్తులు వెలిగించడానికి తిరిగానమ్మా."

వంటగది వెతికారు. సంచులు వెతికారు. దొరకలేదు.

ఫోన్‌లో ఎవరో తీసిన ఫోటో చూసింది తమండా. కరెంటు వచ్చాక, బ్యాగ్‌పైపు ఊదేవాడి వెనకాల హాగిస్ పళ్ళెం ఊరేగింపుగా వస్తోంది. మర్యాదకి అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కరు తప్ప.

తమండా ఆ ఒక్కరి దగ్గరికెళ్ళింది. ఒర ఉన్న బల్ల దగ్గరే కూర్చున్న పాత అధ్యక్షుడి భార్య ఎల్స్‌పెత్ లోరిమర్. ఎనభై దాటిన మనిషి.

"మీరెందుకు లేవలేదమ్మగారూ?"

"మోకాళ్ళ నొప్పులు."

"మేడమెట్లు ఎక్కొచ్చారుగా?"

ముసలామె ఒళ్ళో శాలువా సర్దుకుంది.

"ఇక్కడ అందర్నీ వెతికాం. మిమ్మల్ని లేవమని అడగడానికే మొహమాటపడ్డాం. ఇప్పుడడుగుతున్నాను. లేవండి."

ముసలామె బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. శాలువా కింద, కుర్చీలో బాకు.

"ముప్పై ఏళ్ళు మా ఆయన చేతిలో ఉంది," అందామె. "ఆయన పోయి ఏడాదైనా తిరగలేదు. దాన్ని ఇంకొకడు పట్టుకోవడం చూడలేకపోయాను."

"వైసన్‌కి బేడీలు వేస్తుంటే చూడగలిగారా?"

"లేస్తే దొరికిపోతాను కదా తల్లీ."

తమండా బేడీలు విప్పింది. వైసన్ మణికట్లు రుద్దుకుంటూ ముసలామె వైపు తిరిగాడు.

"అయ్యగారికి ఆఖరి స్నానం చేయించింది నేనేనమ్మా. నాతో ఒక్క మాట అంటే, ఆ బాకు నేనే దాచిపెట్టేవాణ్ణి కదా!"

గెడ్డెస్ గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిపోయిందిగా. వైసన్, ఆ హాగిస్ కాస్త వేడిచేసి పట్రా."

వైసన్ ఏప్రన్ విప్పి, మడతపెట్టి, పళ్ళెం పక్కన పెట్టాడు.

"మీరే చేసుకోండి బాబూ."

"పద వైసన్, జీపులో దింపేస్తాను," అంది తమండా. "ఖైదీలా వెనక కాదు, ముందు సీట్లో కూర్చో."