ఉప్పు తగ్గిన రొట్టె

వంటగది గట్టు మీది రొట్టెలు చేసే యంత్రం కూత పెట్టి ఆగింది. ఉదయపు ఎండ కిటికీ చువ్వల మధ్య నుంచి చారలు చారలుగా పడుతోంది. ఆవిడ ఎడమచేత్తో మూత ఎత్తి లోపలికి చూసింది. రొట్టె నడుమ కుంగిపోయి ఉంది, వానకు నాని కూలిన కప్పులా.

వెనక నుంచి భర్త తొంగి చూశాడు.

"ఇవాళ చెరువు తవ్వావుటోయ్! రెండు బాతుల్ని తెచ్చి వదిలేద్దాం."

"నిన్నటిదాన్ని బండరాయన్నారుగా?"

"నిన్నటిది నిన్నే. తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టాను, ఎంత గాలొచ్చినా కదల్లేదు."

"మావయ్యా, ఊరుకోండి మీరు" అంటూ కోడలు లోపలికి వచ్చింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఆ వారమంతా మధ్యాహ్నం డ్యూటీ. రొట్టెను చూసి ఒక్క క్షణం ఆగి, అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. "అత్తయ్యా, ఇంక చాలు. ఎందుకీ యాతన? మలుపులో బేకరీ ఉండనే ఉంది. ఈ మెషీన్ అక్కర్లేకపోతే ఇచ్చెయ్యమని మా వార్డులో ఒకావిడ అడుగుతోంది కూడా. రేపు పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను."

"రేపొక్కసారి చూస్తాను."

"మళ్ళీనా?"

"మళ్ళీనే. అంతవరకూ కొన్న రొట్టె ఈ గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు."

"అయితే అందాకా ఈ చెరువునే తినాలా?" అన్నాడు భర్త దిగులుగా.

"తినాలి."

మలుపులోని ఆ బేకరీలో ఏళ్ళ తరబడి పిండి పిసికిన చేతులు ఆవిడవే. వీధిలో చాలామందికి ఆవిడ అసలు పేరు తెలియదు. రొట్టెలమ్మ అంటేనే గుర్తు. పక్షవాతం వచ్చి తగ్గింది గాని కుడిచేతి పట్టు పూర్తిగా తిరిగి రాలేదు. ఆ తరవాత ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటిగా ఆవిడకు దూరమయ్యాయి. మొదట కత్తి కనిపించకుండా పోయింది. ఆ వెనక స్టవ్, ఆపైన మరిగే నీళ్ళ కెటిల్. ఎవరూ లాక్కోలేదు. "మీకెందుకు, ఇలా ఇవ్వండి" అంటూ ప్రేమగా అందుకున్నారు. లాక్కున్నదాన్ని పోట్లాడి తెచ్చుకోవచ్చు. ప్రేమగా అందుకున్నదాన్ని తిరిగి అడగడానికి మాటలు దొరకవు.

అలాంటి సమయంలో కొడుకు ఈ యంత్రాన్ని తెచ్చిచ్చి, మళ్ళీ సరుకుల లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. దీనికి మంట లేదు, కత్తి లేదు. నీళ్ళు, నూనె పోసి, పైన పిండి వేసి, ఓ పక్క ఉప్పు చల్లి, పిండి నడుమ చిన్న గుంట చేసి అందులో ఈస్ట్ వేసి మీట నొక్కితే చాలు. పిసకడం, పొంగించడం, కాల్చడం అదే చూసుకుంటుంది. ఆ ఇంట్లో ఆవిడ చేతికి మిగిలిన పని ఇదొక్కటే. ఇది కూడా పోతే తనకు మిగిలేది కుర్చీ, కిటికీ.

ఆ రోజంతా ఆవిడ కుంగిన రొట్టెను ముందు పెట్టుకుని ఆలోచించింది. తప్పుకు కూడా ఒక స్వభావం ఉంటుంది. తన చెయ్యి వణికి పిండి ఎక్కువ పడుతోందనుకుంటే, రోజూ ఎక్కువే పడాలి. రోజూ రొట్టె రాయే కావాలి. ఒకనాడు రాయి, ఒకనాడు చెరువు, ఇంకొకనాడు సగం రాయీ సగం చెరువూ ఎలా అవుతుంది? ఒకే మనిషి ఇన్ని రకాలుగా తప్పు చెయ్యదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ అన్నీ తూచి, ఒకటికి రెండుసార్లు చూసుకుని మీట నొక్కింది. కోడలు ఎప్పటిలాగే, "ఇంక వెళ్ళి నడుం వాల్చండత్తయ్యా, అది అయ్యాక పిలుస్తుంది" అంది. ఆవిడ తలూపింది. పడకగదిలోకి మాత్రం వెళ్ళలేదు. పెరటి వైపు వెళ్ళి, ఉతికిన దుప్పట్లు ఆరేసిన తీగ వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. అక్కడి నుంచి వంటగది కిటికీ, యంత్రం స్పష్టంగా కనిపిస్తాయి.

లోపల పిండి కలిపే తెడ్డు తిరగడం మొదలైంది. కాసేపటికి భర్త వచ్చాడు. ఆయన జీవితమంతా గడియారాలు బాగుచేసినవాడు. వాచీని చెవికి ఆనించుకున్నట్టే యంత్రానికి చెవి ఆనించాడు. మొహం చిట్లించాడు. అటూ ఇటూ చూసి, మూత ఎత్తి, గ్లాసులో నీళ్ళు కొన్ని లోపలికి వంచి, ఏమీ ఎరగనివాడిలా వెళ్ళిపోయాడు.

ఆయన అలా వెళ్ళాడో లేదో కోడలు వచ్చింది. మూత ఎత్తి, "అయ్యో, జారుగా అయిపోయింది" అని గొణుక్కుంటూ డబ్బాలోంచి గుప్పెడు పిండి తీసి చల్లింది. చాలలేదు కాబోలు, మరో గుప్పెడు తీసింది.

పెరట్లో ఆవిడ లేచి నిలబడింది.

ఆవిడ వంటగది గుమ్మంలోకి వచ్చేసరికి కోడలి గుప్పిట్లో పిండి అలాగే ఉంది. అవతలి గుమ్మంలో భర్త, చేతిలో మళ్ళీ నీళ్ళ గ్లాసు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు.

"కానివ్వండి, ఆగారేం?" అంది ఆవిడ. "మీరు నీళ్ళు పొయ్యండి. నువ్వు పిండి వెయ్యి. పదిమంది చేతిలో పాము చావదంటారు. ముగ్గురి చేతిలో రొట్టె మాత్రం రోజూ చస్తోంది."

"నువ్వు రోజూ వేస్తున్నావుటమ్మా?" భర్త కోడలి వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"మీరు పోస్తున్నారా మావయ్యా? అదీ సంగతి! అందుకే ఎంత పిండి వేసినా చాలడం లేదు..."

"పిండి గట్టిగా ఉండి మోటారు మూలుగుతోందే!" ఆయన భార్య వైపు తిరిగాడు. "మూలిగే యంత్రాన్ని చూస్తూ ఊరుకోమంటే నావల్ల ఎలా అవుతుంది?"

"అది మూలగడం కాదు, పిసకడం. బేకరీలో పిసికేటప్పుడు నేనూ మూలిగేదాన్ని. అప్పుడెవరూ నా నెత్తిన నీళ్ళు కుమ్మరించలేదు."

లోపల తెడ్డు తిరుగుతూనే ఉంది.

"పొంగేటప్పుడు మూత కూడా ఎత్తుతున్నారా? వేడి పోతే కుంగదూ?"

ఇద్దరూ తలలు దించుకున్నారు.

"ఒక్కసారే" అన్నాడు భర్త. కోడలు ఆయన వైపు చూసింది. "అంటే, రెండు మూడు సార్లు" అని దిద్దుకున్నాడు.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు. "చెయ్యి పోయిందని తెలుసు నాకు. దానికి ఏడ్చి ఊరుకున్నాను. కానీ ఇన్నాళ్ళూ కన్ను కూడా పోయిందనుకున్నాను. తూకం పోయింది, పిండి మాట వినడం మానేసింది అనుకున్నాను. మంచం మీద పడుకుని, నాలో ఇంక మిగిలిందేమిటని వెతుక్కున్నాను. మీరు నా పని తీసుకున్నారు, సరే. చివరికి నా తప్పు కూడా నాకు మిగల్చలేదు."

"మీరు ఓడిపోతే చూడలేక..." అంది కోడలు. "ఆ రోజు మీరీ గట్టు కిందే పడి ఉన్నారత్తయ్యా. స్టవ్ వెలుగుతూనే ఉంది. వార్డులో అలాంటివి రోజూ చూస్తాను, చెయ్యి వణకదు. మీరు చెంచా ఎత్తితే మాత్రం ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది."

పిండి అంటిన కోడలి గుప్పిట ఇంకా విప్పుకోలేదు. ఆవిడ దాన్ని తన ఎడమచేతిలోకి తీసుకుని, ఒక్కొక్క వేలే విప్పింది.

"నీ భయం అబద్ధం కాదే పిచ్చిదానా. భయపడు. వద్దనను. కానీ దాన్ని తెచ్చి నా పిండిలో కలపకు."

తరవాత లేచి, మీట నొక్కి యంత్రాన్ని ఆపింది. "ఈ గిన్నె కడిగి పెట్టండి" అని భర్తతో చెప్పింది. "మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఇద్దరూ ఆ బల్ల దగ్గర కూర్చోండి. చూడండి. చేతులు మాత్రం కనబడేట్టు పైన పెట్టుకోండి."

బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా ఇద్దరూ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ తూచింది. నీళ్ళు, నూనె, పిండి. ఈసారి ఉప్పు చెంచాను కుడిచేత్తో ఎత్తింది. వేళ్ళు వణికాయి. కొంత ఉప్పు గిన్నె అంచు దాటి గట్టు మీద రాలింది. ఆవిడ దృష్టి గిన్నె మీదే ఉంది; చూడలేదు. భర్త చూశాడు. నోరు తెరవబోయి, ఆగి, ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. ఆయన జీవితంలో ఒక యంత్రం ముందు అంత కష్టపడి ఊరుకున్న సందర్భం ఇంకొకటి లేదు.

పిండి నడుమ ఈస్ట్ వేసి ఆవిడ మీట నొక్కింది. తెడ్డు తిరిగింది. ఆవిడ ఒక్కసారి మూత ఎత్తి చూసింది. పిండి గిన్నె గోడల్ని వదిలి, నున్నటి ముద్దగా చుట్టుకుంటోంది. వేలితో తాకింది. వేలికి అంటీ అంటనట్టుగా ఉంది. మూత వేసింది. ఆ తరవాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. పొంగుతున్న వేళ యంత్రం మౌనంగా ఉంది. ఆ మౌనాన్ని భరించడం అందరికన్నా భర్తకే ఎక్కువ కష్టమైంది. రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు. కాసేపటికి కాలుతున్న రొట్టె వాసన ముందుగదిని దాటి వీధి వరాండాలోకి వెళ్ళింది.

కూత వినబడగానే ఆవిడ గిన్నె వైపు చూసి, కోడలి వైపు తిరిగింది. "వేడిగా ఉంది. ఇది నువ్వు తియ్యి."

కోడలు లేచింది, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు. గుడ్డతో పట్టుకుని గిన్నె బోర్లించింది. రొట్టె తీగల జాలీ మీదకు జారింది. ఎత్తుగా, గోధుమరంగు వీపుతో, అడుగున తెడ్డు గుచ్చుకున్న గుంటతో నిలబడింది.

"చల్లారనివ్వండి. వేడి మీద కోస్తే లోపల పచ్చిగా సాగుతుంది" అంది ఆవిడ. చల్లారాక అంది, "కత్తి."

భర్త, కోడలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళి, తన పనిముట్ల పెట్టె అడుగు నుంచి ఆనాడు మాయమైన రంపపు పళ్ళ కత్తిని తీసుకొచ్చి ఆవిడ చేతికిచ్చాడు. "నువ్వు రొట్టె పట్టుకో అమ్మాయ్" అని, ఆవిడ ఎడమచేత్తో మెల్లగా కోసింది. ముక్కలు వంకరగా వచ్చాయి. లోపల మెత్తగా, సన్నటి గాలిగూళ్ళతో ఉంది.

ముగ్గురూ నమిలారు.

"అబ్బ, బ్రహ్మాండం!" అన్నాడు భర్త, ముక్క గొంతు దిగకముందే.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది. కోడలు మింగింది. ఏదో మంచి మాట పెదవుల దాకా వచ్చినట్టుంది. దాన్ని వెనక్కి తోసి, అత్తగారి కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"ఉప్పు తగ్గిందత్తయ్యా."

ఆవిడ మరో ముక్క కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. కళ్ళ కొసల నుంచి నీళ్ళు దిగాయి. పెదవుల మీద మాత్రం నవ్వు.

"తగ్గింది కదూ? నాకూ అనిపించింది" అంది. "ఇది నా తప్పే. రేపు దిద్దుకుంటాను."