తొట్టిలో బరువెక్కిన ఓడ

మదనపల్లెలోని అపరాధ పరిశోధక కార్యాలయంలో అడుగుపెట్టిన గోపాలస్వామి కూర్చోవడానికి నిరాకరించాడు.

"నా ఓడను ఎవరో చెడగొట్టారు. ఎలా చెడగొట్టారో నాకే బోధపడడం లేదు."

సముద్రానికి ఇంత దూరంలో ఓడ ఏమిటని సహాయకురాలు హరిత కలం ఆపి తల ఎత్తింది. పరిశోధకుడు భీమరావు మాత్రం శాంతంగా కుర్చీ చూపించాడు.

అది 1998వ సంవత్సరం. ఓడల ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన గోపాలస్వామి పుంగనూరులో స్థిరపడ్డాడు. ఓడ కాల్చే నూనెలో అధిక భాగం అడుగును నీరు ఒరుసుకునే రాపిడిని జయించడానికే ఖర్చవుతుంది. ఆ రాపిడి తగ్గితే నూనె, పొగ రెండూ తగ్గుతాయి. అందుకోసం ఆయన పట్టుగూళ్ల జిగురు, లక్క కలిపి ఒక పూత తయారుచేశాడు. పాత పట్టు రీలింగు షెడ్డులోని పొడవాటి సిమెంటు తొట్టిలో చిన్న చెక్క ఓడను కప్పీ మీదుగా వేసిన దారంతో లాగించి, ఎంత బరువు వేలాడదీస్తే కదులుతుందో పరీక్షించేవాడు. పూత పూసిన ఓడ పూతలేని ఓడకంటే చాలా తక్కువ బరువుకే జారిపోయేది. గత వారం నుంచి అదే ఓడ మొండికేసింది. మర్నాడే మద్రాసు నుంచి ఓడల కంపెనీ అధికారులు చూడడానికి వస్తున్నారు.

షెడ్డు తాళంచెవి తనతో పాటు, కుప్పం నుంచి వచ్చి సహాయకుడుగా ఉన్న ప్రదీప్ దగ్గర మాత్రమే ఉంటుందని ఆయన చెప్పాడు. సాయంత్రంలోగా నిజం తేలకపోతే పోలీసులకు ఫిర్యాదు తప్పదన్నాడు.

పుంగనూరు షెడ్డులో భీమరావు భూతద్దంతో ఓడ అడుగంతా చూశాడు. పూత మీద గీత లేదు. కప్పీ సాఫీగా తిరుగుతోంది. తూకపు రాళ్లను కంసాలి త్రాసులో వేయిస్తే అవీ సరిగానే ఉన్నాయి. హరితకు అయోమయం పెరిగింది. ఏదీ మారలేదు, ఫలితం ఒక్కటే మారింది.

ప్రదీప్ చేతిసంచితో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అతడికి ప్రభుత్వోద్యోగం ఖాయమైంది, ఆ రాత్రి బస్సుకే బయలుదేరాలి. పోలీసు కేసు పడితే అది దక్కదు.

"నేనేమీ సెయ్యలేదు సార్. పోతాండేవాడికి ఈ ఓడతో ఏం పని?" అన్నాడు.

"పోతున్నావు కాబట్టే అనుమానం," అన్నాడు గోపాలస్వామి.

భీమరావు తొట్టి చుట్టూ తిరిగాడు. తొట్టి గోడల మీద ఎర్రమన్ను చార కట్టి ఉంది, నీరు మాత్రం అద్దంలా ఉంది. ఒక మూల గరుకురాయి మీద తెల్లటి జిగట ఎండి పగుళ్లు తీసింది. ఆయన దాన్ని గోటితో గీకి వాసన చూశాడు. నీటి సంగతి అడిగితే, ఇదివరకు చెరువు నీళ్లు తోలించేవాడినని, పోయిన వారం బోరు వేయించానని గోపాలస్వామి చెప్పాడు.

"నీరు నీరే కదా?"

"పూతలేని ఓడను ఎక్కడ పరీక్షించారు?"

"మద్రాసులో. దాని లెక్క తెలిసిందే. మళ్లీ ఈ తొట్టిలో వేయవలసిన అవసరం లేదు. అటక మీద ఉంది."

 భీమరావు గోపాలస్వామి ఇంటికి వెళ్లి, పనిమనిషి చిన్నక్కతో వంటింట్లో కొంతసేపు ముచ్చటించి వచ్చాడు.

సాయంత్రం అందరినీ తొట్టి దగ్గరకు పిలిపించాడు.

"చిన్నక్కా, ఆ రాయి దేనికో చెప్పమ్మా."

"చెరువు నీళ్లు ఎర్రగా ఉంటాయి గదప్పా. సామికి ఓడ అడుగు కనపడాల. ఇంట్లో తాగే నీళ్లకు మాదిరే చిల్లగింజ అరగదీసి కలిపేదాన్ని, మన్ను అడుక్కు పోతాది. ఇప్పుడు బోరు నీళ్లు తేటగా ఉండాయి. ఇంగ యాల?"

ఆమె కొంగుముడిలోని గింజలను భీమరావు అరగదీయించి ఆ గంధాన్ని తొట్టిలో కలిపించాడు. మొండికేసిన ఓడ కొద్దిపాటి బరువుకే జారిపోయింది. గోపాలస్వామి ముఖం వెలిగింది. అప్పుడు భీమరావు అటక మీది పూతలేని ఓడను దింపించి దారానికి కట్టాడు. అదీ అంతే బరువుకు, అంతే తేలికగా జారిపోయింది.

"గింజలో జిగురుంది. అది నీటి రాపిడిని తగ్గించింది. దోషి ఎవరూ లేరు. మద్రాసు నీళ్ల లెక్కను ఈ నీళ్ల లెక్కతో పోల్చారు. పూత ఏనాడూ పని చేయలేదు."

 హరిత భీమరావు వైపు చూసింది. ఆయన ముఖంలో గెలుపు లేదు.

"దానికేం సామీ," అంది చిన్నక్క. "రేపటికి మళ్లీ అరగదీసి పోస్తాలే. మీ ఓడ బాగా పోతాది."

వచ్చేవారు పూత పూసిన ఓడనే చూస్తారు. నీటి సంగతి అడిగేవారు ఉండరు. గోపాలస్వామి నీటి వైపు చూస్తూ తలపాగా సవరించుకున్నాడు.

"వద్దు చిన్నక్కా. తొట్టి ఖాళీ చేయించు, బోరు నీళ్లు పట్టు." ఆయన ప్రదీప్ వైపు తిరిగాడు. "నిన్ను అనరాని మాట అన్నాను. క్షమించమని అడుగుతున్నాను."

"రేపు వాళ్లకు ఏం సెప్తారు సార్?"

"రెండు ఓడలూ లాగి చూపి, నా పూత పనిచేయదని చెబుతాను."

ప్రదీప్ చేతిసంచిని గోడవారగా పెట్టాడు.

"అయితే రేపు సాయంత్రం బస్సుకు పోతాను. దారం పట్టుకునేదానికి ఒగ మనిషి కావాల గదా సార్."