తూటికూర మడిలో నారాయణపక్షి

సింగపూరులో పొలాలున్నాయంటే ఫ్లాట్లలో ఉండేవాళ్ళు సగంమంది నమ్మరు. ఉన్నాయి. క్రాంజీ స్టేషన్లో దిగి, బస్సెక్కి లిమ్ చూ కాంగ్ రోడ్డు పట్టుకుని పోతే, భవంతులన్నీ వెనకబడి ఆకుకూరల మడులు, కోడిగుడ్ల ఫారాలు, చేపల చెరువులు వస్తాయి. వీరభద్రరావు తోట అక్కడే, రిజర్వాయరు వైపు చిట్టచివర. తండ్రి కాలం నుంచీ ఈ దేశంలోనే ఉన్నా, తెలుగులో నాలుగు తిట్లు తిడితే తప్ప ఆయనకు పని జరిగినట్టుండదు.

ఆ శనివారం ఆయన మహతికి ఫోను చేశాడు. మహతి ఆయన ఎరిగినవాళ్ళ అమ్మాయి, ఇక్కడే టాంపినీస్‌లో పుట్టి పెరిగిన పిల్ల. చచ్చిన అడవిపక్షుల్ని కోసి చూసి, వాటిని ఏ జంతువు చంపిందో చెప్పడం ఆమె ఉద్యోగం. తోటలో కొంగలాంటి ఒక పెద్ద నారాయణపక్షి చచ్చిందనీ, కూలీ బాబ్జీ చేరదీసిన వీధికుక్కలే దాన్ని పీక్కుతిన్నాయనీ, సోమవారం వాటిని కుక్కలు పట్టేవాళ్ళ బండి ఎక్కించేస్తాననీ ఆయన చెప్పాడు. బాబ్జీ కాళ్ళావేళ్ళా పడుతున్నాడట. "నువ్వొచ్చి ఒక్క మాట చెప్పమ్మా. నీ మాటైతే వాడు వింటాడు," అన్నాడు.

మహతి వెళ్ళేసరికి మూడు దాటింది. ఉక్కపోత. ఆకు కదలడం లేదు. పడమటి వైపు ఆకాశం నల్లబడుతోంది.

బాబ్జీ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, పాలకొండ పక్క పల్లె. షిప్‌యార్డులో ఏళ్ళతరబడి వెల్డింగు చేసి ఈ తోటకొచ్చాడు. మనిషి ఒళ్ళంతా తడిసి ముద్దగా ఉన్నాడు. పక్షి చెరువులో పడిపోతే పొద్దున తానే దిగి తెచ్చాననీ, నడిమధ్యలో బురదలో కాలు దిగబడి మునిగిపోయాననీ, ఎలా పైకొచ్చానో తనకే తెలీదనీ నవ్వుతూ చెప్పాడు. బట్టలు మార్చుకోలేదేమని అడిగింది మహతి.

"మార్చాను మేడమ్. రెండుసార్లు. మళ్ళీ తడిసిపోతున్నాయి."

కుక్కలు షెడ్డు గోడకు అతుక్కుని ఉన్నాయి. బాబ్జీ ముద్దుగా పిలిస్తే ఒక్కటీ రాలేదు. పళ్ళు బయటపెట్టి గుర్రుమన్నాయి. పొద్దున్నుంచీ అన్నం పెట్టినా ముట్టడం లేదనీ, తనను ఎరగనట్టే చూస్తున్నాయనీ అతను చిన్నబుచ్చుకున్నాడు.

షెడ్డులో కూరలు కట్టే బల్ల మీద పక్షిని పడుకోబెట్టారు. మహతి చేతులకు తొడుగులు వేసుకుంది. మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తగానే, ముక్కులోంచి నీళ్ళు ధారగా కారి బల్ల మీద పరుచుకున్నాయి. నల్లటి నీళ్ళు. కుళ్ళిన తూడు వాసన.

గద్దయితే ఈకల్ని పీకి కుప్ప పోస్తుంది. కుక్క అయితే కొరికి తెంపుతుంది, ఎంగిలికి ఈకలు ముద్దకడతాయి. ఉడుము పొట్ట చీలుస్తుంది. కొండచిలువ అసలేమీ మిగల్చదు. ఇక్కడ ఈకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎడమ పక్క మాంసం మాత్రం ఎముక దాకా లేదు. గాయం అంచున కోరపంటి గుంటల కోసం వెతికింది. లేవు. పొట్టి కోతలు, ఒకదాన్నొకటి ఆనుకుని, వంపుగా ఉన్నాయి. కొరికిన జామకాయ మీద పడే గుర్తులు అచ్చం అలాగే ఉంటాయి.

ఆమె ఆ మాట పైకి అనలేదు. గాయం పక్కన తోలు ఒలిచి చూసింది. ప్రాణముండగా కరిస్తే తోలు కింద నెత్తురు గడ్డకట్టి కమిలిపోతుంది. చచ్చాక కరిస్తే మాంసం పాలిపోయి ఉంటుంది. ఇది పాలిపోయి ఉంది.

"డాగ్స్ కాదు లా అంకుల్," అంది, అలవాటైన సింగపూరు "లా"తో. "నీళ్ళలో మునిగి చచ్చింది. చచ్చాకే ఏదో తింది."

వీరభద్రరావు ఒప్పుకోలేదు. పొద్దున మడి గట్టు మీద నిలబడి టీ తాగుతూ తన కళ్ళతో చూశానన్నాడు. నీటిమడిలోని తూటికూరలో ఆ పక్షి ఒక్కో అడుగూ వేసుకుంటూ నడిచింది. అప్పటికే పక్కంతా ఊడి వేలాడుతోంది, లోపలి పక్కటెముకలు కనిపిస్తున్నాయి. అలా నడిచి చెరువులోకి దిగి పడిపోయింది.

"చచ్చాక తింటే మరి నడిచిందేంటమ్మా?"

మహతి గాయాన్ని మళ్ళీ వంగి చూసింది. కుక్కలు బతికిపోయినందుకు బాబ్జీ ఒక్కడే సంతోషంగా ఉన్నాడు. దండం పెడుతూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తొడుగులోంచి కూడా ఆ చల్లదనం తెలిసింది.

అంతలో గాలి లేచింది. నిమిషంలో ఆకాశం మూసుకుపోయి సాయంత్రం కాస్తా చీకటైంది. రేకుల మీద వాన రాళ్ళు విసిరినట్టు పడింది. లైట్లు ఆరిపోయాయి. బయటినుంచి తూడు వాసన లోపలికొచ్చింది, ఇందాకటికంటే చిక్కగా.

కుక్కలు ఒక్కసారిగా మొరుగుతూ చెరువు వైపు పరిగెత్తాయి. మొరుగుళ్ళు అరుపులయ్యాయి. తడిబట్ట చింపినట్టు ఒక చప్పుడు... ఒక గొంతు ఆగింది. మళ్ళీ అదే చప్పుడు. ఇంకో గొంతు ఆగింది.

బాబ్జీ తలుపు తీసుకుని వానలోకి దూకాడు. వెళ్ళొద్దని వీరభద్రరావు అరిచిన అరుపు ఉరుములో కలిసిపోయింది.

మెరిసింది.

మడి మధ్యలో బాబ్జీ మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒళ్ళో కుక్క. దాని పొట్ట చీలి పేగులు కూరలో పరుచుకున్నాయి. అతని వెనక ఎవరో కూర్చున్నారు. రెండు చేతులూ అతని ఛాతీ చుట్టూ వేసి, వాటేసుకున్నట్టు, ముఖం అతని భుజంలో పెట్టి... తడి జుట్టు వేలాడే ఆ తల కదులుతోంది. నములుతోంది.

బాబ్జీ అరవడం లేదు. కుక్క తల నిమురుతున్నాడు.

మహతి గోడకున్న పార తీసుకుని పరిగెత్తింది. ఎందుకు పరిగెత్తిందో తర్వాతెప్పుడూ చెప్పలేకపోయింది. శక్తికొద్దీ ఆ వీపు మీద వేసింది. పార పిడి దాకా దిగిపోయింది, బురదలో దిగినట్టు. లాగితే రాలేదు. ఆ తల పైకి లేచింది. నోట్లోంచి మాంసం ముక్క జారి బాబ్జీ ఒళ్ళో పడింది. మళ్ళీ మెరవకూడదని ఆమె దేవుణ్ణి వేడుకుంది.

పార వదిలేసి బాబ్జీ కాళ్ళు పట్టుకుని లాగింది. అవతలినుంచి కూడా లాగారు. అతని భుజం కీలు ఊడిన చప్పుడు వినిపించింది. వీరభద్రరావు ఏడుస్తూ, బూతులు తిడుతూ వచ్చి నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగితే, ఉన్నట్టుండి అవతల పట్టు వదిలేసింది.

షెడ్డులో పడేసి తలుపు గడియ వేశారు. వీరభద్రరావు అంబులెన్సుకు ఫోను చేశాడు. మహతి టార్చి వెలిగించి గాయం చూసింది. మెడ మొదలు నుంచి దండచెయ్యి దాకా మాంసం లేదు. తెల్లటి ఎముక. అంచున పొట్టి కోతలు, వంపుగా.

నెత్తురు లేదు. చుక్క కూడా లేదు. మాంసం పాలిపోయి ఉంది.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. మెడ మీద వేళ్ళు పెట్టింది. ఏమీ కొట్టుకోవడం లేదు...

"చలేస్తోంది మేడమ్," అన్నాడు బాబ్జీ. మాటతోపాటు నోట్లోంచి నల్లటి నీళ్ళు కారాయి. చేత్తో తుడుచుకున్నాడు. "ఒక్కటైనా బతికిందా?"

"బతికాయి," అంది మహతి.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె వేళ్ళింకా తన మెడ మీదే ఉన్నాయని గమనించాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నాకేమైంది మేడమ్? మీకు తెలుస్తుంది కదా... చెప్పండి."

చచ్చినవాటి గురించి చెప్పడమే ఆమె పని. ఎన్నో చెప్పింది.

"ఏం కాలేదు. అంబులెన్స్ వస్తోంది. కళ్ళు మూసుకో."

అతను చెప్పినట్టే కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెయ్యి వదలలేదు. వాన వెలిశాక అంబులెన్సు వచ్చేదాకా అతను కళ్ళు తెరవలేదు. వచ్చినవాళ్ళు టార్చి వేసి చూసి, ఒళ్ళు ఎప్పుడో బిగుసుకుపోయిందన్నారు. ఇంతసేపు ఎందుకు పిలవలేదని కోప్పడ్డారు. ఆస్పత్రిలో ఊపిరితిత్తుల నిండా చెరువు నీళ్ళున్నాయని తేల్చారు. ఆ పొద్దుటే మునిగి చనిపోయాడు. గాయం తర్వాతదన్నారు. ఏ జంతువో చెప్పమని మహతినే అడిగారు. తెలీదని చెప్పింది.

చెరువు ఎండగట్టి చూశారు. అడుగున బురద, పార, అంతే. బాబ్జీ శవపేటికను ఊరికి పంపే ఏర్పాట్లు వీరభద్రరావే దగ్గరుండి చూసుకున్నాడు. కుక్కల్ని తన చేతులతో పాతిపెట్టాడు. కొన్నాళ్ళు తోట మూసేసి, వేరే కూలీలు దొరికాక మళ్ళీ తెరిచాడు.

తెరిచిన రెండోరోజు ఉదయం మహతి రైల్లో ఉండగా ఆయన ఫోను చేశాడు. గొంతు గుసగుసగా ఉంది. తెల్లవారుజామున కూలీలు వచ్చేసరికే ఎవరో తూటికూరంతా కోసి, కడిగి, కట్టలు కట్టి, పెట్టెల్లో సర్ది ఉంచారట. కొత్తవాళ్ళు ఒకరి పని అనుకుని ఒకరు ఊరుకున్నారట. తాను ఇప్పుడే వచ్చి చూశాడు. కట్టలకు రబ్బరు బ్యాండ్లు లేవు. ఒక్కో కట్టకీ రెండు చుట్లు చుట్టి ముడేసినవి వెంట్రుకలు. పొడుగాటివి. తడిగా ఉన్నాయి.

మహతి ఏమీ ముట్టుకోవద్దంది. పెట్టెలన్నీ అక్కడే ఉంచమంది.

అవతల ఆయన పెట్టెలు లెక్కపెట్టడం వినిపించింది.

"సగమే ఉన్నాయమ్మా," అన్నాడు వీరభద్రరావు. "సగం తెల్లారకముందే లారీలో మార్కెట్టుకు వెళ్ళిపోయాయి."